కిటికీ దగ్గర పిల్ల

మార్చి 9, శనివారం. సాయంత్రం 5

ఇవాళ అమ్మ మ్యూజియంలో అలారం మోగించింది. మమ్మల్ని బయటికి పంపేశారు. మర్యాదగానే పంపారు. అది ఇంకా సిగ్గుగా ఉంది.

మొదటినుంచి రాస్తాను. హెరన్ స్ట్రీట్‌లో పదకొండో నంబరు ఇల్లు. అమ్మ పుట్టింది అందులోనే. అప్పుడు అక్కడ ఎనభై మందికి తక్కువ లేరట. గదికో కుటుంబం, అందరికీ కలిపి పెరట్లో ఒక్క పంపు. తర్వాత వాళ్లందర్నీ ఖాళీ చేయించి ఊరి చివర ఫ్లాట్లలో పడేశారు. చాన్నాళ్లు ఆ ఇంట్లో పావురాలే కాపురమున్నాయి. ఎవరో డబ్బున్నాయన కొని, రెండొందల యాభై ఏళ్ల కిందట జార్జి రాజుల కాలంలో దొరలు ఎలా ఉంచుకునేవాళ్లో అలాగే చేయించి, జీవితమంతా సేకరించిన పెయింటింగులు గోడల నిండా తగిలించి, పోయాడు. పోయిన నెల జనం కోసం తెరిచారు. అమ్మ పేపర్లో ఫోటో చూసి, ఓసారి తీసుకెళ్తావా నోరీన్ అంది. అమ్మ నన్ను ఏదైనా కావాలని అడగడం నాకు గుర్తు లేదు. వేసవి చూస్తుందో లేదో అని డాక్టర్ చెప్పింది మాత్రం గుర్తుంది. టికెట్లు తీశాను.

అమ్మకి ఎనభై ఒకటి. ఊపిరితిత్తులు సగం పోయాయి. చిన్న చక్రాల బండి మీద ఆక్సిజన్ సిలిండర్ లాక్కుంటూ తిరుగుతుంది. దానికి ఫాదర్ డూలీ అని పేరు పెట్టింది. ఎక్కడికెళ్లినా వెంటపడి ఉస్సురుస్సురంటాడని.

లిఫ్టు లేదు. పాత ఇల్లు కాబట్టి పెట్టనివ్వరట. మొదటి అంతస్తు ఎక్కడానికే ఇరవై నిమిషాలు పట్టింది. ఫాదర్ డూలీని నేను మోశాను. గైడ్ పేరు అల్టన్ బ్రోఫీ. ముప్పై ఐదేళ్లుంటాయి, ఇస్త్రీ మడత నలగని మనిషి. మెట్ల మలుపులో అమ్మకి కుర్చీ వేశాడు. కూర్చోరాదని దాని మీద బోర్డుంది నాయనా అంది అమ్మ. మీరు కూర్చోండి, దొరసాని ఏమీ అనుకోదులెండి అన్నాడు. ఈ మెట్లు ఇంత వెడల్పుగా ఎందుకు కట్టారో తెలుసా, ఇద్దరు ఆడవాళ్లు బుట్టగౌన్లతో పక్కపక్కన దిగడానికి అని అందరికీ చెప్తున్నాడు. అమ్మ కుర్చీలోంచే, శవపెట్టె తిప్పడానికి కూడా సుఖంగా ఉండేవి అంది. అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు.

వెనక గది. ఆకుపచ్చ పట్టుగుడ్డ అంటించిన గోడలు. పెద్ద కిటికీ పక్కనే ఆ బొమ్మ. లేబుల్ మీద 'కిటికీ దగ్గర పిల్ల. మిస్ హారియట్ వేసీ, 1952. ఈ గదిలోనే గీసినది. కూర్చున్న పిల్ల ఎవరో తెలియదు' అని ఉంది. పన్నెండేళ్ల పిల్ల. నీలం గౌను. ఒళ్లో చేతులు. ఎర్రటి బుగ్గలు.

అమ్మ ఆడియో గైడ్ చెవికి పెట్టుకుంది. ఎంత సౌండు పెట్టిందో, నాకూ వినిపిస్తోంది. అంత పేదరికంలోనూ ఆ బుగ్గల్లో బాల్యపు ఆరోగ్యం ఎలా వికసించిందో గమనించండి, అంటోందొక ఆడగొంతు.

అమ్మ దాన్ని చెవి నుంచి తీసి, అబద్ధమాడిన మనిషిని చూసినట్టు చూసింది.

"అది జ్వరమే, మొద్దుమొహమా" అంది దానితో.

తర్వాత అడ్డంగా కట్టిన తాడు దాటింది. ఒళ్లు కాలుతోందేమో చూస్తామే, అలా అరచెయ్యి వెనక్కి తిప్పి బొమ్మలో పిల్ల చెంపకి ఆనించింది. అలారం మోగింది.

టాక్సీలో ఎన్ని అడిగినా నోరు విప్పలేదు.

మార్చి 10, ఆదివారం

చర్చికి రానంది. తిండి తినలేదు. మూడుసార్లు టీ పెట్టి మూడుసార్లూ పారబోశాను.

మార్చి 12, మంగళవారం

నేను పనిచేసే పళ్ల డాక్టర్ క్లినిక్‌కి అల్టన్ ఫోన్ చేశాడు. టికెట్ బుక్ చేసినప్పుడు పని నంబరే ఇచ్చాను. వెయిటింగ్ రూమ్ నిండా పళ్లు పట్టుకుని జనం. బొమ్మకి అద్దం ఉంది కాబట్టి ఏమీ కాలేదట. అమ్మగారు జ్వరం అన్నారు, ఎందుకన్నారో చెప్తారా, అప్పటినుంచీ ఆ బొమ్మని మామూలుగా చూడలేకపోతున్నాను అన్నాడు.

ఇంటికొచ్చి అడిగాను. అమ్మ బంగాళదుంపలు చెక్కు తీస్తోంది. తలెత్తకుండానే చెప్పింది. "అది కార్మెల్. మా అక్క."

అమ్మకి తమ్ముళ్లు ముగ్గురు. ముగ్గుర్నీ నేనే పాతిపెట్టించాను. అక్క ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. యాభై నాలుగేళ్లొచ్చాయి నాకు. ఒక్క ఫోటో, ఒక్క మాట, చనిపోయినవాళ్ల కోసం నవంబర్లో వెలిగించే కొవ్వొత్తుల్లో ఒక్క కొవ్వొత్తి కూడా లేదు.

ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను. నువ్వడగలేదుగా అంది. అలాంటి మనిషి.

మార్చి 14, గురువారం

అమ్మ ఇవాళ మాట్లాడింది. నేను క్లినిక్‌కి ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంట్లోనే ఉన్నాను.

వాళ్లు పై అంతస్తులో ఉండేవాళ్లట. ఒక్క గది, ఏడుగురు. వాళ్ల నాన్న రేవులో కూలి, పిలిచిన రోజు పని, పిలవని రోజు లేదు. వాళ్లమ్మ తెల్లారకుండా ఆఫీసులు తుడవడానికి పోయేది. మిస్ వేసీ వెలుతురు బాగుందని మొదటి అంతస్తు వెనక గది అద్దెకి తీసుకుంది. గుడ్డల షాపువాళ్ల అమ్మాయి, ఎప్పుడూ గ్లోవ్స్. మెట్ల మీద కార్మెల్‌ని చూసి, ఈ పిల్ల మొహం నాకు కావాలంది. వాళ్ల నాన్న కాళ్ల మీద పడనంత పని చేశాడట. కూర్చున్న రోజుకి ఒక బకెట్ బొగ్గు. అదీ ఒప్పందం. జనవరి నెల.

కార్మెల్ అప్పటికే దగ్గుతోంది. క్షయ అని అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట అనరు. అంటే పిల్లని శానటోరియంకి తీసుకుపోతారు, ఇంటిల్లిపాదికీ పని పోతుంది. మిస్ వేసీకి ఆ ఎర్రబుగ్గలు తెగ నచ్చాయట. మధ్యాహ్నమైతే రంగు ఇంకా బాగా వస్తోంది, మధ్యాహ్నమే పంపండి అనేదట.

"మాకైతే ఆ నెల వెచ్చగా గడిచింది" అంది అమ్మ. "ఒట్టు. అంత వెచ్చగా మళ్లీ ఎప్పుడూ పడుకోలేదు."

ఫిబ్రవరి ఆరున కార్మెల్ పోయింది.

మార్చి 15, శుక్రవారం

మ్యూజియంకి ఉత్తరం రాశాను. ఆ పిల్లకి పేరుంది, లేబుల్ మీద పెట్టండి. అంతే రాశాను. మూడు చిత్తుకాగితాల్లో బూతులున్నాయి, అవి చించేశాను.

మార్చి 18, సోమవారం

మా తమ్ముడు డెక్లన్‌కి చెప్పడం నాదే తప్పు. బస్సు డిపో నుంచి సరాసరి యూనిఫాంలోనే వచ్చాడు. అమ్మ నిద్రపోతోంది. వంటింట్లో నిలబడి, గుసగుసగా అరిచాడు. అది వాడికే చేతనవును.

ఆవిడ ఊపిరి తీయలేక చస్తుంటే నీకిప్పుడు తవ్వకాలేంటే అన్నాడు. ఎప్పుడో పోయిన పిల్ల, పేరు పెడితే లేచొస్తుందా అన్నాడు. నేను, నీకో పెద్దమ్మ ఉండేదిరా, నీకేం అనిపించడం లేదా అన్నాను. నాకున్న చుట్టాలే ఎక్కువ అన్నాడు. పదేళ్లుగా అమ్మని చూసుకుంటున్నది ఎవరని నేను, నిన్నెవరు చూసుకోమన్నారని వాడు. అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. చివరికి వాడు ఫాదర్ డూలీని తన్నుకుని పడబోయాడు.

మార్చి 22, శుక్రవారం. మధ్యాహ్నం

లంచ్ టైంలో రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్లి మరణ ధ్రువపత్రం తీసుకున్నాను. కార్మెల్ కలినన్, 12 ఏళ్లు, 11 హెరన్ స్ట్రీట్, 6 ఫిబ్రవరి 1952, క్షయ. సమాచారం ఇచ్చినవారు, తండ్రి. సంతకం లేదు, ఒక గీత.

అక్కణ్నించి నేరుగా మ్యూజియంకి. అల్టన్ ఆఫీసు పై అంతస్తులో ఉంది. అంటే అమ్మవాళ్ల గదిలోనో దాని పక్క గదిలోనో. అడగలేదు. పత్రం చదివి మొహం చిన్నది చేసుకున్నాడు. కాన్వాస్ వెనకవైపు తీసిన ఫోటో చూపించాడు. మిస్ వేసీ చేతిరాత. మొదలు 1952 జనవరి 8. ఫిబ్రవరి 12 నుంచి పిల్ల కూర్చున్న ప్రతి రోజుకీ తేదీ వేసింది, మార్చి 20న పూర్తి. పిల్ల వచ్చిందనీ రాసింది.

చచ్చిపోయిన పిల్ల ఎలా వస్తుందండీ అని ఆయన అనలేదు. మా ట్రస్టు కమిటీ ఇది చూస్తే ఒప్పుకోరండీ, ఇంకెవరో పిల్ల అంటారు అన్నాడు. పెద్దవాళ్ల జ్ఞాపకం ఒక్కోసారి, అని మధ్యలో ఆపేశాడు.

మార్చి 22. సాయంత్రం

అమ్మతో అనకూడని మాట అన్నాను. పొరబడ్డావేమో అమ్మా అన్నాను.

మార్చి 23, శనివారం

మాట్లాడడం లేదు.

మార్చి 24, ఆదివారం

గొడ్డుమాంసం పులుసు చేశాను. నా ముందు తినలేదు. నేను స్నానానికి వెళ్లినప్పుడు తిన్నట్టుంది. గిన్నె కడిగి బోర్లించి ఉంది. గిన్నె కడిగేంత ఊపిరి ఎక్కణ్నించి తెచ్చుకుందో.

మార్చి 26, మంగళవారం. ఉదయం 11

చెప్పింది. అంబులెన్స్ వచ్చేలోపు ఉన్న టైంలో చెప్పింది. ఊపిరి అందక, ఒక్కో ముక్కా. నేను వద్దమ్మా మాట్లాడకు అంటున్నా వినలేదు. ఇప్పుడు ఆస్పత్రిలో కారిడార్‌లో కూర్చుని, మర్చిపోకముందే రాస్తున్నాను.

కార్మెల్‌ని తొమ్మిదిన పాతిపెట్టారు. పన్నెండు పొద్దున వాళ్ల నాన్న కార్మెల్ నీలం గౌను తీసి అమ్మకి తొడిగాడు. అమ్మకి తొమ్మిదేళ్లు. గౌను జారిపోతుంటే వీపు వెనక పిన్నులు పెట్టాడు. కిందికెళ్లి కూర్చో, ఏమీ మాట్లాడకు, అడిగితే కార్మెల్‌నే అని చెప్పు అన్నాడు. వాళ్లమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

వెళ్లింది. మిస్ వేసీ తలుపు తీసి కాసేపు చూసింది. ఏమీ అడగలేదు. కిటికీవైపు తిరుగు అంది. మొహం అప్పటికే అయిపోయింది. మెడ, చేతులు, గౌను మడతలు మిగిలాయి. మార్చి దాకా వెళ్లింది అమ్మ. బొగ్గు వస్తూనే ఉంది.

"మొహం దానిది. చేతులు నావి" అంది.

కళ్లు మూసుకుంది. ఇంకేం లేదనుకున్నాను. ఉంది.

చివరిసారి కార్మెల్ వెళ్లిన రోజు, ఫిబ్రవరి ఒకటో రెండో, అది లేవనందట. అమ్మని పేరుతో పిలిచి, ఇవాళొద్దు ఈనా, నాన్నతో చెప్పు, ఇవాళొద్దు అందట. వాళ్ల నాన్న రేవులో ఉన్నాడు, వాళ్లమ్మ పనిలో ఉంది, ఇంట్లో చిన్నపిల్లలు తప్ప ఎవరూ లేరు. బకెట్ ఖాళీగా ఉంది. మా అమ్మ కార్మెల్ మీది దుప్పటి లాగేసింది. లేవవే, నీకేం, కూర్చోడమేగా అంది. చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది.

"నాన్న లేపలేదు. నేను లేపాను."

అమ్మా నీకు తొమ్మిదేళ్లు అన్నాను. లెక్కలు నాకూ వచ్చు అంది. సైరన్ వినిపించింది.

మార్చి 29, గుడ్ ఫ్రైడే

వార్డులో పెట్టారు. ఇంక ఇంటికి పంపరు. డెక్లన్ వచ్చాడు. మంచానికి అటు వాడు, ఇటు నేను. వాడికి చెప్పలేదు.

ఏప్రిల్ 2, మంగళవారం

అల్టన్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాను. రోడ్డు పక్కన నిలబడి చెప్పాను, బస్సుల రొద. మిస్ వేసీ డైరీలు ఒక లైబ్రరీలో ఉన్నాయండీ, ఎవరూ తెరిచినట్టు లేరు, రేపు సెలవు పెట్టి వెళ్తాను అన్నాడు.

ఏప్రిల్ 4, గురువారం. మధ్యాహ్నం 3

తనే ఆస్పత్రికి వచ్చాడు. చేతిలో ఫోటోకాపీ. కారిడార్‌లో నాకు ఇచ్చాడు. ఫిబ్రవరి 12 నాటి పేజీ. రెండే లైన్లు.

'పెద్దపిల్ల పోయినట్టుంది. చెల్లెల్ని పంపారు. చేతులు చిన్నవి. సర్దుకోవచ్చు.'

ఇది అమ్మకి చూపించొద్దు అన్నాను. సరేనండీ అన్నాడు. కానీ అమ్మ గ్లాసు తలుపులోంచి మమ్మల్ని చూసింది. ఏంటా కాగితం అంది. ఏం లేదమ్మా అన్నాను. "ఏం లేని కాగితానికి ఆ అబ్బాయి ఏడుస్తున్నాడేం?" అంది.

చదివాను.

అమ్మ మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. మాస్కు తీసేసింది.

"ఆవిడకి తెలుసా" అంది.

డెబ్బై రెండేళ్లు. ఆ పెద్దింటి ఆవిణ్ని మోసం చేశాననుకుంది. ప్రతి రోజూ దొరికిపోతానేమో అని వణుకుతూ కూర్చుందట. తుమ్మొచ్చినా ఆపుకునేదట, కార్మెల్ ఇలా తుమ్మేది కాదని. దొరికితే బొగ్గు ఆగిపోతుంది, నాన్నని పోలీసులు పట్టుకుపోతారు అని. ఆవిడేమో మొదటి రోజే తెలుసుకుని, ఒక్క మాట అనలేదు. పాపం పిల్లా, మీ అక్కకేమైంది అని కూడా అడగలేదు.

అమ్మ నవ్వింది. ఆ నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు, నర్సు పరిగెత్తుకొచ్చింది. కాస్త తేరుకున్నాక అల్టన్‌ని దగ్గరికి పిలిచింది.

"నాయనా, అక్క పేరు పెట్టు. మొహానికి. చేతులకి నా పేరు పెట్టు. ఈనా కలినన్. పెళ్లయ్యాక వచ్చిన పేరొద్దు. ఊరికే కూర్చోలేదు నేను."

రాసుకున్నాడు. తన చేతి మీదే రాసుకున్నాడు, కంగారులో.

ఏప్రిల్ 7, ఆదివారం

డెక్లన్‌కి చెప్పాను. కార్ పార్కింగ్‌లో. మొత్తం విన్నాడు. మనమ్మ దుప్పటి లాగిందా అన్నాడు. అవునన్నాను. కారెక్కి వెళ్లిపోయాడు. పార్కింగ్ టికెట్ నా చేతిలోనే ఉండిపోయింది. గేటు ఎలా దాటాడో తెలియదు.

ఏప్రిల్ 9, మంగళవారం

ఉదయం ఏడుంబావుకి అమ్మ పోయింది. నేను పక్కనే ఉన్నాను. చివరి మాట అంటూ ఏమీ అనలేదు. కిటికీ తెర కొంచెం లాగమని సైగ చేసింది. లాగాను. ఎటు లాగమందో అడగలేదు.

ఏప్రిల్ 12, శుక్రవారం

సమాధి. వాన. అల్టన్ వచ్చి వెనక నిలబడ్డాడు. కార్మెల్ అదే శ్మశానంలో ఉందట, పేదల వైపు, రాయి లేని చోట. వరస నంబరు కనుక్కుని చీటీ మీద రాసిచ్చాడు. వెళ్లాను. గడ్డి. ఎక్కడని నిలబడాలో తెలియక మొత్తం వరసంతా నడిచాను.

ఏప్రిల్ 30, మంగళవారం

కమిటీ ఒక పేరే పెడతామందట. బొమ్మలో ఉన్నది ఒక పిల్ల, రెండు పేర్లుంటే చూసేవాళ్లు తికమకపడతారట. చెల్లెలి విషయం కావాలంటే కేటలాగ్‌లో కింద చిన్న అక్షరాల్లో వేస్తారట. అల్టన్ ఈ సంగతి చెప్తూ మూడుసార్లు సారీ అన్నాడు. మీరెందుకు సారీ అన్నాను. మాట కటువుగానే వచ్చింది.

మే 3, శుక్రవారం

కమిటీ మీటింగ్‌కి వెళ్లాను. పిలవలేదు, వెళ్లాను. కింద భోజనాల గదిలో తొమ్మిదిమంది, బిస్కెట్లు. ఏం మాట్లాడాలో రాసుకెళ్లిన కాగితం తీయలేదు. ఆ డైరీ పేజీ మధ్యలో పెట్టి, చదవండి అన్నాను. ఛైర్మన్ పెద్దాయన మనసులో చదువుకోబోయాడు. పైకి చదవండి అన్నాను.

చదివాడు. 'సర్దుకోవచ్చు' దగ్గర గొంతు తగ్గింది.

మీరూ అదే అంటున్నారు అన్నాను. వచ్చేశాను. మెట్ల దగ్గర, బోర్డున్న ఏదో కుర్చీలో కూర్చున్నాను.

మే 21, మంగళవారం

పెట్టారు. చూసొచ్చాను.

'కిటికీ దగ్గర పిల్ల. హారియట్ వేసీ, 1952. ముఖం: కార్మెల్ కలినన్, 12 ఏళ్లు. ఈ ఇంట్లో ఉండేది. బొమ్మ పూర్తికాకముందే క్షయతో మరణించింది. చేతులు: ఆమె చెల్లెలు ఈనా కలినన్, 9 ఏళ్లు.'

ఇప్పుడు చూస్తే స్పష్టంగా తెలుస్తోంది. ఆ మెడకీ ఆ చేతులకీ పొంతన లేదు. చేతులు మరీ చిన్నవి. ఇన్నేళ్లూ ఎంతమంది చదువుకున్నవాళ్లు చూశారో.

అక్కడున్న జంటలో భర్త లేబుల్ చదివి, అయ్యో అన్నాడు. భార్య, గోడకి అంటించిన ఆ పట్టుగుడ్డ ఎక్కడ దొరుకుతుందో అడగమంది.

నాకు ఏడుపు రాలేదు. ఆకలేసింది. వీధి మలుపులో చిప్స్ కొనుక్కుని నిలబడే తిన్నాను.

జూన్ 16, ఆదివారం. ఉదయం 10

డెక్లన్ ఫోన్ చేశాడు. ఏప్రిల్ తర్వాత ఇదే. నిన్న ఒక్కడే వెళ్లి చూశాడట. ఆ గదిలో చలి కాచుకునే పొయ్యి పెద్దది కదా, అన్నాడు, పిల్లలు కూర్చున్నప్పుడు అదైనా వెలిగించేదా ఆవిడ?

లేదన్నాను. నేనూ అమ్మని అది అడిగాను. మసి రంగుల మీద పడుతుందని వెలిగించేది కాదట.